సవరణ: రక్తసంబంధీకుల వివాహాలు, 25 శాతం లెక్క

దగ్గరి బంధువులను పెళ్లాడిన వారి పిల్లల్లో 25 శాతం మందికి జన్యువ్యాధులు వస్తాయని నా గత పోస్టులో రాశాను. అది తప్పు, ఒక ప్రత్యేక సందర్భపు లెక్కను అందరికీ వర్తింపజేశాను.

జన్యు సలహా నిపుణుల మార్గదర్శకాల ప్రకారం, పుట్టుకతో వచ్చే తీవ్ర సమస్యల అవకాశం ఏ దంపతులకైనా సుమారు 2-3 శాతం ఉంటుంది. తోబుట్టువుల పిల్లలు ఒకరినొకరు పెళ్లాడితే దానికి దాదాపు మరో 2-3 శాతం కలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ తలసీమియా అనే రక్తవ్యాధి వంటి ఒకే అంతర్గత వ్యాధికి (తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వచ్చేదానికి) వాహకులైనప్పుడే, అంటే తమకు వ్యాధి లేకున్నా ఆ జన్యువును మోస్తున్నప్పుడే, వారు బంధువులైనా కాకపోయినా, 25 శాతం అన్న మాట నిజమవుతుంది. అదీ ప్రతి గర్భానికీ విడిగానే: మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కనుక తర్వాతి ముగ్గురూ క్షేమమేనన్న నమ్మకం చాలామందిలో ఉంది, దానికి ఆధారం లేదు. కుటుంబంలో అలాంటి వ్యాధి ఇప్పటికే కనిపించి ఉంటే పై సగటు అంకెలు సరిపోవు. వాహక పరీక్ష చేయించుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.