జపాన్ చిప్పు, నౌపడ ఉప్పు

విజయనగరంలో పుట్టినవాడికి సంగీతం రాకపోయినా సర్దుకుపోతారు. సంగీతం మీద అభిప్రాయం లేకపోతే మాత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గర టీకి కూడా ఎవరూ పిలవరు. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పింది అక్కడే, ఘంటసాల పాట నేర్చుకున్నది అక్కడే. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో 62 ఏళ్లు వచ్చేదాకా నేను డాక్ లేకుండా పాటలు విన్నానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వినడమే కాదు, కొన్ని పాటలకు కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. ఆ కన్నీళ్లు సాంకేతికంగా చెల్లవని తర్వాత తెలిసింది.

డాక్ అనగానే నాకు తపాలా గుర్తొచ్చింది. తప్పు నాది కాదు, 38 ఏళ్లు ఆ ఉద్యోగమే చేశాను. విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు దిద్దాడు. "అది కాదు మావయ్యా. డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. కంప్యూటర్లో పాట అంకెల్లో ఉంటుంది కదా. ఆ అంకెల్ని కరెంటుగా మార్చే పెట్టె. దాని వెనక ఆంప్, అంటే సౌండ్ పెంచే యాంప్లిఫయర్, పెట్టుకుంటే ఆ కరెంటు హెడ్‌ఫోన్‌ని మోగిస్తుంది."

అప్పుడు అర్థమైంది. అంటే టెలిగ్రాం మాస్టారన్నమాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో ఒకాయన ఉండేవారు. తీగ మీద టకటకమని చుక్కలు, గీతలు వచ్చేవి. ఆయన వాటిని మనుషుల మాటల్లోకి మార్చి కాగితం మీద పెట్టేవారు. డాక్ చేసేదీ అంతే, కాకపోతే కొంచెం హడావిడి ఎక్కువ. సీడీ పాట అంటే సెకనుకు 44,100 సార్లు కొలత తీసి, ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టిన లెక్క. ఒక్కో చెవికి సెకనుకు 44,100 బట్వాడాలు. ఒక్కటి కూడా పక్కింట్లో పడకూడదు, ఒక్కటి కూడా వేళ తప్పకూడదు. వేళ తప్పితే దాన్ని జిట్టర్ అంటారు. సంక్రాంతి రోజుల్లో నేనూ జిట్టర్‌కు లోనైనవాణ్ణే కాబట్టి ఆ పెట్టె మీద నాకు మొదట్నుంచీ సానుభూతి ఉంది.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన ఆలోచన వచ్చింది. 'ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అన్న టెలిగ్రాంని మా మాస్టారు మామూలు పెన్సిలుతో రాసినా, బంగారు పాళీతో ముత్యాల్లా రాసినా నాన్నగారి ఆరోగ్యంలో తేడా రాదు కదా, ఒక్క అక్షరం తప్పు పోకపోతే చాలు కదా అని. ఆ ఆలోచనని వెంటనే అణిచేశాను. లేకపోతే 28,000 రూపాయలు మిగిలిపోయేవి.

తర్వాత ఆరు నెలలు పరిశోధనలో గడిచాయి. దీనికోసం 200 పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాను. ముందుగా సైనాడ్ అనే మార్కుల విధానం నేర్చుకున్నాను. అసలు సిగ్నల్ ఎంత, దాని వెనకాలే దొంగచాటుగా వచ్చే రొద, వంకరలు ఎంత, ఆ తేడాని డెసిబెల్స్‌లో చెప్పేదే సైనాడ్. మంచి డాక్‌లకు ఇప్పుడు 120 దాకా వస్తున్నాయి. సీడీలో ఉన్న పాటకే 96 డెసిబెల్స్‌కి మించి దమ్ము లేదు. ఆ 120ని పూర్తిగా అనుభవించాలంటే మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఆపాలి, పక్కింటివాళ్ల మిక్సీ ఆపించాలి, ఆ పైన చెవులు చిల్లులు పడేంత సౌండ్ పెట్టాలి. అయినా 110 మార్కుల డాక్‌ని చూసి జాలిపడటం అలవాటు చేసుకున్నాను. స్వయంగా నేను పదో తరగతి లెక్కల్లో 37తో గట్టెక్కినవాణ్ణి.

డాక్ లోపల అంకెల్ని కరెంటుగా మార్చే చిప్పుల దగ్గరికి వస్తే లోకం రెండు వర్గాలు. జపాన్‌వారి ఏకేఎం చిప్పు మెత్తన అంటారు, ఆ కంపెనీ కూడా దానికి వెల్వెట్ సౌండ్ అనే పేరు పెట్టుకుంది. అమెరికావారి ఈఎస్ఎస్ చిప్పు పేరు సేబర్, అంటే కత్తి. కాబట్టి అది పదును అంటారు. పేరుని బట్టి రుచి చెప్పడంలో తప్పేముంది, గులాబ్ జామ్‌లో గులాబీ వాసన వచ్చినవాళ్లు లేరా. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం ఫ్యాక్టరీ అంటుకుంది. మంటలు రోజుల తరబడి ఆరలేదు. చిప్పులు దొరక్క చాలామంది తయారీదారులు తమ డాక్‌లను తిరిగి డిజైన్ చేసి మెత్తన చోట పదును పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు రాత్రి భోజనం మానేశాను. "ఎవరు పోయారండీ?" అంది మా ఆవిడ. చెబితే అర్థం చేసుకునే స్థితిలో ఆవిడ లేదు, చేతిలో గరిటె ఉంది.

ఈ రెండూ కాకుండా మూడో మార్గం ఒకటి ఉంది, రెసిస్టర్లను నిచ్చెన మెట్లలా పేర్చి చేసేది. దాన్ని ఆర్‌టూఆర్ అంటారు. మెట్లన్నీ కచ్చితంగా ఉండాలి, అవి కాస్త అటూఇటూ అయితే లెక్క తప్పుతుంది. ఆ తప్పే సహజత్వం అని ఎక్కువ ధరకు అమ్ముతారు. దీనికి పైన వాల్వులు కూడా బిగించినవి ఉంటాయి, చీకట్లో నారింజ రంగులో వెలుగుతాయి. మా నాన్నగారి వాల్వు రేడియోని పాత సామానులవాడికి ఇచ్చి రెండు స్టీలు గిన్నెలు తీసుకున్న కుటుంబం మాది. ఆ గిన్నెల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో పప్పు తిన్నప్పుడల్లా మిడ్‌రేంజ్, అంటే గొంతు పలికే నడిమి స్థాయి, గుర్తొస్తుంది.

పెట్టె కూడా ముఖ్యమే. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ తొలిచి చేస్తారు, అందుకే దానికి అంత పేరు. ఒకే అల్యూమినియం దిమ్మను తొలిచి చేశామని చెప్పే డాక్‌లూ ఉన్నాయి. వీణలో ఆ దుంగ మోగుతుంది. డాక్‌లో ఆ దిమ్మ మోగదు, మోగకూడదు కూడా. కానీ గౌరవం గౌరవమే.

మేనల్లుడు మధ్యలో అడ్డొచ్చాడు. "మావయ్యా, ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టు. దాంట్లో తేడా ఎవరికైనా తెలుస్తుంది." నిజమే, అందుకే వద్దన్నాను. ఎవరికైనా తెలిసే తేడాను పట్టుకోవడంలో నా గొప్పేముంది? పైగా నేను వినేవన్నీ యూట్యూబ్‌లో ఎవరో పుణ్యాత్ములు పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటలు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటే అక్కడ వచ్చేది సుమారు 130. దాన్ని 192 కిలోహెర్ట్జ్ డాక్‌లో పోశాను. 192 అంటే సెకనుకు 1,92,000 కొలతలు, కాబట్టి అందులో సగం, 96 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్ని కూడా అందించగలదు. కుర్రవాళ్ల చెవి 20 దగ్గర ఆగిపోతుంది, నా వయసుకి 12 దాటి వినిపిస్తే అదృష్టం. మిగిలినదంతా కోట బురుజుల గబ్బిలాలకు వదిలేశాను. ఊరి కోసం ఏదో ఒకటి చేయాలి కదా.

చివరికి 14,500 పెట్టి డాక్ కొన్నాను. మొదటి రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ లోహపు పెట్టె మీద భక్తిగా చెయ్యి వేశాను. వేలి నుంచి మోచేతి దాకా జిల్లుమంది. సంగీతంలో పరవశం అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. పాట ఇంకా మొదలుపెట్టలేదు, అయినా తెలిసింది.

పాట మొదలుపెట్టాక ఇంకొకటి కూడా తెలిసింది. పల్లవికీ చరణానికీ మధ్య సన్నగా 'మ్‌మ్‌మ్' అని ఒక శ్రుతి. మొదట అది రికార్డింగ్‌లోనే ఉన్న తంబురా అనుకున్నాను, ఇంతకాలం డాక్ లేక వినిపించలేదని బాధపడ్డాను. అన్ని పాటల్లోనూ అదే తంబురా, అదే శ్రుతి రావడంతో అనుమానం వచ్చింది. వార్తలు పెట్టుకున్నా వెనకాల అదే వినిపించింది. దాన్ని వదిలించుకోవడానికి యూఎస్‌బీ ఐసొలేటర్ 4,000, లీనియర్ పవర్ సప్లై 7,000, వెండిపూత తీగ 2,500. తీగ వచ్చాక తంబురా మరింత స్వచ్ఛంగా వినిపించింది.

సెలవులకు వచ్చిన మేనల్లుడు నా గొప్పతనాన్ని పరీక్షిస్తానన్నాడు. జేబులోంచి ఫోనుకి తగిలించే చిన్న తోక తీశాడు. యాపిల్‌వాళ్ల అడాప్టరు, అమెరికాలో 9 డాలర్లట. అందులోనూ ఒక డాక్ ఉందట, గోరంత. నా పెట్టె 2 వోల్టులు ఇస్తుంది, ఆ తోక 1 వోల్టే. మల్టీమీటర్ పెట్టి రెండిటినీ సమానం చేశాడు. "ఎందుకురా?" అంటే, "కాస్త ఎక్కువ సౌండ్ వచ్చేదే బాగుందనిపిస్తుంది మావయ్యా, ఎవరికైనా" అన్నాడు. నా చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం అలా పోయింది. తర్వాత మధ్యలో దుప్పటి కట్టాడు. పదిసార్లు మార్చి మార్చి వినిపించి ఏది ఏదో చెప్పమన్నాడు.

నేను పదిలో 5 సరిగ్గా చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి, ఏమీ వినకుండానే, రూపాయి బిళ్ల ఎగరేసి 6 చెప్పింది.

ద్వారంవారికి చూపు బాగా తక్కువ. ఆయన వయొలిన్ ప్రపంచమంతా ఆ చెవుల్లోనే నడిచింది. అదే ఊళ్లో దుప్పటి అడ్డం కడితే నా చెవులు పనిచేయడం మానేశాయి. ధర కనపడకపోతే నాకు వినపడదని తేలింది. దీన్ని ఓటమిగా నేను ఒప్పుకోను. ఆవిడ బిళ్ల 2 రూపాయలది అయ్యుంటే ఫలితం వేరేగా ఉండేది.

కానీ ఆ పరీక్షలో ఒక వింత జరిగింది. మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌ని చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపాడు. తంబురా లేదు. తోకలోనూ లేదు, నా పెట్టెలోనూ లేదు. వాడు నా కంప్యూటర్ వైపు, గోడలో ప్లగ్గు వైపు, నా వైపు చూసి, "కరెంటు ఆయన్ని పిలు మావయ్యా" అన్నాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. డాక్‌ని చూసి, "ఏటి బాబూ ఈ పెట్టి?" అన్నాడు.

"డాక్."

"పోస్టాఫీసుదా?"

జవాబు చెప్పలేదు. అతను టెస్టర్ తీసి పెట్టె మీద ఆనించాడు. ఎర్రబల్బు వెలిగింది. "దీన్ని ముట్టుకుంటే జిల్లుమన్నేదా?"

"అంటే... అనేది. నేను అది..."

"ఏటనుకున్నారు?"

దానికీ జవాబు చెప్పలేదు. పెరట్లోకి వెళ్లి గోడ పక్కన సిమెంటు మూత ఎత్తాడు. చాలాసేపు లోపలికి చూశాడు, పాత చుట్టాన్ని చూసినట్టు.

"దీన్లో నీళ్లు పోసి ఎన్నాళ్లయినాది బాబూ?"

"నీళ్లు పోయాలా?"

"ఎర్తు సచ్చిపోనాది. తేమ నేదు, ఉప్పు నేదు, తీగ తుప్పట్టిపోనాది."

విషయం ఇంతే. ఎర్త్ లేకపోతే కంప్యూటర్ పవర్ సప్లై నుంచి కొద్దిగా కారే కరెంటు పోవడానికి దారి లేక డబ్బా మీదే కూర్చుంటుంది. అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ పట్టుకుని డాక్‌లోకి, పాటలోకి, నా మోచేతిలోకి వచ్చింది. గోతిలో కొత్త పైపు దించి, పొర బొగ్గు, పొర ఉప్పు వేసి, రెండు బకెట్లు నీళ్లు పోశారు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. పైపు, తీగ, కూలీ అన్నీ కలిపి 2,300. ఆ రాత్రి పాట పెట్టాను. పల్లవికీ చరణానికీ మధ్య నిశ్శబ్దం వినిపించింది. నా ఆరు నెలల సాధనలో చెవికి కచ్చితంగా తెలిసిన తేడా అదొక్కటే. దుప్పటి అడ్డం కట్టినా తెలిసేది.

నేను శాస్త్రీయంగా ఆలోచించేవాణ్ణి కాబట్టి దీని నుంచి తీయవలసిన నిర్ణయం వెంటనే తీశాను. డాక్ ముఖ్యం కాదు, ఉప్పు ముఖ్యం. అయితే ఏ ఉప్పు? ఎలక్ట్రీషియన్ వేసింది వీధి చివర కిరాణాకొట్టు ఉప్పు, ఊరూ పేరూ లేనిది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల్లో ఎండలో పండిన రాళ్లుప్పు అయితే బాస్‌లో బిగువు వస్తుందని నా నమ్మకం. బొగ్గులో చింతబొగ్గు వెచ్చగా ఉంటుంది, సరుగుడు బొగ్గు తారస్థాయిలో కాస్త పదును. నీళ్ల విషయంలో అయ్యకోనేరా, పెద్దచెరువా అన్నది ఇంకా తేల్చలేదు. నోటుబుక్కులో 40 పేజీలు మిగిలాయి.

పోయిన మంగళవారం పలాస ప్యాసింజరెక్కి నౌపడ జంక్షన్‌లో దిగి, మూడు మడుల నుంచి మూడు రకాలు, ఒక్కోటి రెండేసి కిలోలు, విడివిడి సంచుల్లో గుర్తులు పెట్టి తెచ్చాను. బుధవారం ఉదయం లేచేసరికి మూడు సంచులూ ఖాళీగా దండెం మీద ఆరుతున్నాయి. మా ఆవిడ ఆవకాయ కలిపేసింది.

ఏ సంచిది ఏ జాడీలోకి పోయిందో ఆవిడకే గుర్తులేదు. మళ్లీ నౌపడ వెళ్లాలి.