నలభయ్యో పెళ్ళిరోజుకు విరహగీతం

(మయామీ శివారు కెండల్‌లో ఒక ఇంటి వంటగది. సత్యవతి పొయ్యిమీద చిన్న క్యూబా కాఫీ పాత్ర ఎక్కించి, గాజు గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసుకుని కాచుకుని ఉంది. ఆమె జిల్లా గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నది. వంతెనల ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన రామనాథం భోజనాల బల్ల దగ్గర కాగితమూ కలమూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చే శనివారం వారి నలభయ్యో పెళ్ళిరోజు.)

రామనాథం: సత్యవతీ, పాటలు వేసే కుర్రవాడు సాయంత్రంలోగా జాబితా పంపమన్నాడు. మనం కేకు కోసే సమయానికి వినిపించవలసిన పాటను నేను నిర్ణయించేశాను. మనం ఈ ఊరికి వచ్చిన మరుసటి ఏడాది, అంటే 1988లో, రేడియో తిప్పితే చాలు వినిపించిన ‘ఎనీథింగ్ ఫర్ యూ’ అది. మన ఊరి బృందమైన మయామీ సౌండ్ మెషీన్ వారి పాట. నీకోసం ఏమైనా చేస్తానని భర్త నలుగురిలో చాటుకోవడానికి అంతకంటే తగిన పాట నాకు దొరకలేదు.

సత్యవతి: మీరు ఆ పాట గుమ్మం మీద రాసిన పేరు చదివి వెనక్కి వచ్చారే గాని, లోపలికి ఎప్పుడైనా వెళ్ళారా అండీ? అందులో అతగాడు ఆమెను విడిచి వెళ్ళిపోయాడు. ఆమెకు పొద్దు గడవడం లేదు, ఎక్కడ తేడా వచ్చిందో ఇప్పటికీ అంతుపట్టడం లేదు, అతను ఎదురుపడినప్పుడల్లా తనకేమీ పట్టనట్టు నటిస్తూ ఉంటుంది. అటువంటి పాట వేయించి నా చేత కేకు కోయిస్తే, వచ్చినవాళ్ళు అక్షింతలు వేయడం మానేసి నన్ను ఓదార్చడానికి వరుస కడతారు.

రామనాథం: నేను రాగం విన్నాను. రాగంలో ఎక్కడా తగువు లేదు.

సత్యవతి: నలభై ఏళ్ళుగా నా మాటల్లోనూ మీరు రాగమే విన్నారు.

రామనాథం: ఒక్కడినైతే తప్పు నాదే అనుకుందును. ఆ పాట 1988 మే నెలలో అమెరికాలో ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి రెండు వారాలు అక్కడే కూర్చుంది. ఆ బృందానికి మొదటి స్థానం దక్కడం అదే ప్రథమం. అంతమంది కొన్న పాటను నేను కేకు దగ్గర వేయించకూడదా?

సత్యవతి: వాళ్ళు కొనుక్కున్నది తలుపు వేసుకుని ఒంటరిగా ఏడవడానికి. మన శనివారానికి ఎనభై మంది వస్తున్నారు.

(పాత్రలోంచి మొదటి చుక్కలు దిగాయి. సత్యవతి ఆ నాలుగు చుక్కలనూ పంచదార మీద వంచి, అది లేత గోధుమరంగు తిరిగేదాకా చెంచాతో గబగబా గిలకొట్టసాగింది. మిగిలిన కాఫీ పోస్తే ఈ ముద్దే నురుగై పైకి తేలుతుంది.)

రామనాథం: సరే, అది వద్దు. అదే బృందం 1986లో పాడిన ‘వర్డ్స్ గెట్ ఇన్ ద వే’ ఉంది. అది అయిదో స్థానందాకా వెళ్ళింది. ప్రేమ ఉన్నా అది నోట పలకక తడబడే మనిషి గురించిన పాట అని నాకు బాగా గుర్తు.

సత్యవతి: అతనికి వేరే అమ్మాయి దొరికిందన్న ముక్క మాత్రం మీకు గుర్తు లేదు. అదీగాక నోట మాట రాకపోవడమన్న కష్టం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ పాట మన వేడుకలో వేస్తే మన అబ్బాయే ముందు నవ్వుతాడు.

రామనాథం: ‘కాంట్ స్టే అవే ఫ్రమ్ యూ’ మాటేమిటి?

సత్యవతి: ఆవిడ ప్రేమిస్తుంది, అవతలి వాడు అంతగా ప్రేమించడు, అయినా ఆవిడ వదిలిపెట్టలేదు. అది వేయించండి, మా అన్నయ్య వింటాడు. నలభై ఏళ్ళుగా ఆయన అనుమానం అదే.

రామనాథం: (కలం బల్ల మీద పెట్టి) నాకు ఒక్కటే అర్థం కాదు. ఈ పాటలు పాడిన ఆ గ్లోరియా ఎస్తెఫాన్ 1978లో బృందం నాయకుడు ఎమిలియోనే పెళ్ళాడింది, ఇద్దరూ ఇప్పటికీ కలిసే ఉన్నారు. కాపురం అంత సవ్యంగా ఉన్న మనిషి ఈ విడిపోయే పాటలన్నీ ఎందుకు రాసినట్టు?

సత్యవతి: కాపురం సవ్యంగా ఉంటే దుఃఖం తెలియదా? ఆవిడ క్యూబాలోని హవానాలో పుట్టి, పసితనంలోనే ఇక్కడికి వచ్చింది. తండ్రి కాస్ట్రో ప్రభుత్వాన్ని కూల్చడానికి జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడిలో పాల్గొని క్యూబా చెరలో ఉన్నాడు, తరువాత అమెరికా సైన్యంలో చేరి వియత్నాం వెళ్ళి వచ్చాడు, ఆపైన మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో మంచం పట్టాడు. తల్లి ఉద్యోగానికి వెళితే ఆయనకు సేవ చేసింది ఈ పిల్లే. పని అయ్యాక గదిలోకి వెళ్ళి గిటారు పట్టుకుని పాడుకునేదట. నలుగురి ముందూ ఏడవకూడదనుకున్న పిల్ల పాటలు ఎలా ఉంటాయో అవి అలాగే ఉన్నాయి. అందుకే వాటిలో ఎక్కడా అరుపులు లేవు. నేను లైబ్రరీలో ఆవిడ గురించిన పుస్తకాలు ఊరికే అలమరల్లో సర్దలేదు.

రామనాథం: (కొంచెం తగ్గి) నీవు గిటారు నేర్చుకోకపోవడం నా అదృష్టం.

సత్యవతి: నేర్చుకుందును గాని, మీ అమ్మగారి ఇంట్లో నాకు తలుపున్న గది లేకపోయింది.

రామనాథం: ఎమిలియో ఒకసారి ఆవిడతో నువ్వు ఇంకా తొంభై అయిదు శాతం మెరుగుపడవచ్చు అన్నాడట. నేను నీతో ఎప్పుడైనా అటువంటి మాట అన్నానా?

సత్యవతి: ఒక్కసారిగా అనలేదు. వారానికి ఒక శాతం చొప్పున వాయిదాల మీద అంటూ వచ్చారు.

(కాఫీ రెండు బుల్లి కప్పుల్లోకి దిగింది. రామనాథం ఒక గుక్క తాగి, ఉపన్యాసానికి సిద్ధమయ్యే మనిషిలా వెనక్కి వాలాడు.)

రామనాథం: అయినా ఆ నెమ్మది పాటలను నీవు తక్కువ చేయకు. ఆ బృందం మొదట్లో మయామీ లాటిన్ బాయ్స్ అనే పేరుతో పెళ్ళిళ్ళలోనూ విందుల్లోనూ వాయించేది. ఎమిలియో పగలు రమ్ము తయారుచేసే బకార్డీ కంపెనీలో ఉద్యోగం చేసి, రాత్రి అకార్డియన్ తగిలించుకునేవాడు. ఏళ్ళ తరబడి ఎక్కువగా స్పానిష్‌లోనే రికార్డులు ఇచ్చారు. 1984లో ‘డాక్టర్ బీట్’ అని ఇంగ్లీషులో పాడితే ముందు ఐరోపా వాళ్ళు గంతులు వేశారు. మరుసటి ఏడాది ‘కోంగా’ వచ్చింది. అది అమెరికన్లకు మరీ లాటిన్‌గా ఉంది, లాటిన్ అమెరికా వాళ్ళకు మరీ అమెరికన్‌గా ఉంది అని సంగీత వ్యాపారులు పెదవి విరిచారు. నా ఉగాది ప్రసంగాన్ని గురించి మన సంఘం వారు కూడా అచ్చంగా అదే అన్నారు. తెలుగు వాళ్ళకు ఇంగ్లీషు ఎక్కువైందట, ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు ఎక్కువైందట.

సత్యవతి: నేను కూడా అక్కడే కూర్చున్నాను కదండీ. ఉభయులకూ పొడవు ఎక్కువైంది.

రామనాథం: విను. ‘కోంగా’ డోళ్ళతో వచ్చి తలుపు బాదితే అమెరికా కిటికీలోంచి చూసి ముచ్చటపడింది. అది పదో స్థానందాకా వెళ్ళి ఆగింది. ‘ఎనీథింగ్ ఫర్ యూ’ మాత్రం చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చి సోఫాలో కూర్చుంది. అందులో డోళ్ళ హోరు లేదు, బాకాల మోత లేదు, పాడేవారు క్యూబా వారని చెప్పే ఆనవాలు ఏదీ లేదు. అందుకే అది మొదటి స్థానానికి చేరింది. ఒక భాష వాళ్ళ పాట మరో భాష వాళ్ళ ఇంట్లోకి దాటడమంటే అసలు అదీ.

సత్యవతి: అది దాటడం కాదు, కరిగిపోవడం. ‘కోంగా’ ఇంగ్లీషులో పాడినా అందులో క్యూబా వీధి అలాగే ఉంది. మీ విరహగీతంలో ఆవిడ గొంతు తప్ప ఆవిడ ఊరు ఎక్కడుంది? వాళ్ళకూ ఆ లోటు తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు చరణాల నడుమ స్పానిష్ చరణాలు కలిపి దానినే మరొక విధంగా పాడి ఉంచారు. నాకు అదే బాగుంటుంది, భాష మారినచోట ఆవిడ గొంతు చెప్పులు విప్పి నడిచినట్టుంటుంది.

రామనాథం: మొదటి స్థానానికి వెళ్ళింది స్పానిష్ లేనిదే.

సత్యవతి: ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టి జీతం తీసుకున్నారు, వంతెన మీద తిరిగి రావడానికి కూడా దారి ఉంటుందని మీకు నేను చెప్పాలా? అదే గ్లోరియా 1993లో ‘మి తియెర్రా’, అంటే ‘నా నేల’, అని పూర్తిగా స్పానిష్‌లో, తన తాతల కాలంనాటి క్యూబా బాణీల్లో రికార్డు ఇచ్చి గ్రామీ తీసుకుంది. మీ నెమ్మది పాటలు ఆవిడకు వెళ్ళే దారి మాత్రమే.

రామనాథం: వెళ్ళకపోతే తిరిగి రావడం ఎలా సాధ్యమవుతుంది? ముందు నా పాట, తరువాత నీ పాట. దీనిలో వివాదం ఎక్కడుంది?

సత్యవతి: ముందు మీదన్న చోటే ఉంది. మీరు బ్యానరు మీద కూడా ‘రామనాథం, సత్యవతి’ అనే రాయించమన్నారు. ఆ బృందం పేరు ఏమైందో ఒకసారి గమనించండి. 1985 నాటి రికార్డు మీద మయామీ సౌండ్ మెషీన్ అని మాత్రమే ఉంది. 1987 నాటి ‘లెట్ ఇట్ లూజ్’ మీద గ్లోరియా ఎస్తెఫాన్, ఆ తరువాత మయామీ సౌండ్ మెషీన్. 1989 వచ్చేసరికి ఆవిడ పేరు ఒక్కటే మిగిలింది. నేను మధ్య మెట్టు మీదే ఆగుతానంటున్నాను, సంతోషించండి.

రామనాథం: అంటే ‘సత్యవతి మరియు బృందం’ అని రాయించాలా? ‘కోంగా’ రాసింది డ్రమ్ములు వాయించిన ఎన్రికే గార్సియా. ఇప్పుడు ఆయన పేరు ఎవరికి తెలుసు? ఇంటి అప్పు తీర్చినవాడిని, నాకూ అదే గతి పడుతుందన్నమాట.

సత్యవతి: ఇంటి అప్పులో సగం నా జీతంలోంచి పోయింది. మీరు డ్రమ్ములు మాత్రం బాగా వాయించారు, కాదనను.

రామనాథం: సరే, ‘కోంగా’ అన్నావు గనుక దానికే ఒప్పుకుంటాను. 1988 మార్చిలో మన ఊరి క్యూబా పేటలో జరిగిన కాయే ఓచో ఉత్సవంలో, ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడుతూ కదిలే కోంగా వరుస ప్రపంచంలోకెల్లా పొడవైనది కట్టారు. లక్షా పంతొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై ఆరు మంది అని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అందులో నేను ఒకడిని. ఆ సంగతి మైకులో చెప్పి మరీ పాట మొదలుపెడదాం.

సత్యవతి: మీరు నిలుచున్నది చీజు పెట్టిన మొక్కజొన్న రొట్టెల వరుసలో.

రామనాథం: ఆ వరుస కూడా కదులుతూనే ఉంది.

సత్యవతి: రొట్టెకోసం కదిలింది. మీ ముందున్న పెద్దాయన నడుము పట్టుకోబోతే ఆయన పర్సు తడుముకున్నాడు. నేను పక్కనే ఉండి చూశాను, ఆయనకు క్షమాపణ చెప్పింది కూడా నేనే.

రామనాథం: గిన్నిస్ వారు రొట్టెల వరుసను విడిగా లెక్కపెట్టారని నీవు నిరూపించగలవా?

(ఫోను మోగింది. పాటలు వేసే కుర్రవాడు. రామనాథం గొంతు సవరించుకున్నాడు.)

రామనాథం: బాబూ, కేకు దగ్గర ‘కోంగా’ వేయి. అవును, డోళ్ళు గట్టిగానే వినిపించనీ. అతిథులు భోజనాలు ముగించి ఇళ్ళకు బయలుదేరే సమయానికి ‘ఎనీథింగ్ ఫర్ యూ’ వేయి, విడిపోవడానికి అది సరిపోతుందని మా ఆవిడే ధ్రువీకరించింది. స్పానిష్ చరణాలు ఉన్నదే వేయి. (ఫోను పెట్టి) ఇప్పుడు తృప్తేనా? ఇక వరుసలో ముందు ఎవరు నిలబడాలో తేల్చుకుందాం. మూడు అడుగులు వేసి నాలుగోసారి కాలు పక్కకు విసరాలి, నీకు మోకాలి నొప్పి ఉంది.

సత్యవతి: ముందు మీరే నిలబడండి. వెనకనుంచి తోసేవాళ్ళు లేకపోతే మీరు కదలరు.

రామనాథం: ఆ మాట మీదే ఉండు. వరుసలో నేను ముందున్నప్పుడు బ్యానరు మీద కూడా నా పేరే ముందుండాలి.

సత్యవతి: బ్యానరు నిన్ననే అచ్చయి వచ్చింది, గరాజులో ఉంది. మీ పేరు కూడా వేయించాను లెండి, వంగి చూస్తే కనబడుతుంది.