చెక్కబొమ్మ గారికి, మీ జబ్బల గురించి

శ్రీయుత చెక్కబొమ్మ గారికి,

నల్లగొండ నుంచి నమస్కారాలు. బొమ్మలేసేవాళ్లు చూసి గీసుకోడానికి పెట్టుకునే కీళ్ల చెక్కబొమ్మ తమరు. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలు తమరి సేవలోనే గడిచాయి. అడిగింది ఒక్కటే: నెత్తిన బోనం, కుడిచెయ్యి ఎత్తి దాన్ని పట్టుకున్న ఆడమనిషి. తమరు ఎత్తారు. పాపం, చెయ్యి మాత్రమే ఎత్తారు.

మనిషి చెయ్యి నిలువునా లేవాలంటే సుమారు 180 డిగ్రీలు తిరగాలి. అందులో జబ్బ కీలు వాటా 120 దాకా. మిగిలిన 60 వీపు మీది రెక్క ఎముక జరిగి తిరిగితేనే వస్తాయి. బోనం అందేంత ఎత్తినా రెక్క ఎముక వాటా దానికి ఉండాల్సిందే. ఆ పక్క కాలర్‌బోన్ కొస కూడా లేస్తుంది, సైకిల్ హ్యాండిల్‌ను ఒకవైపు వంచినట్టు. జబ్బ కండ ముద్దకట్టి చెవి దగ్గరికొస్తుంది, సంక గుంట బయటపడుతుంది, ఛాతీ కండ పైకి సాగుతుంది. తమరికి రెక్క ఎముకా లేదు, కాలర్‌బోనూ లేదు. మొండేనికి అటొక కీలు, ఇటొక కీలు, అంతే. తమరిని నమ్మి గీస్తే బోనమెత్తిన అక్క కాస్తా లారీ ఆపుతున్న ట్రాఫిక్ పోలీసైంది.

చేతులంటారా, గరిటెలు. ముంజేతిలో రెండు ఎముకలుండాలి, అరచెయ్యి బోర్లిస్తే ఒకదాని మీదికి ఒకటి అడ్డంపడాలి. తమరిది ఒకటే పుల్ల. నడుము లోపల స్ప్రింగు, వంగమంటే కిర్రుమంటది.

డబ్బా మీదేమో ఏ పోజైనా అని రాసుకున్నరు. ఏ పోజు? సావధాన్‌ల నిలబడుడు తప్ప నీకేమొచ్చు? ఒంటికాలు మీద బరువెయ్యమంటే ఆ పక్క తుంటి లేవాలె, అదే పక్క జబ్బ దిగాలె. గొంతు గుంట నుంచి పాలమూరు మేస్త్రి గుండు దారం ఇడిస్తే బరువు మోసే పాదం మీద పడాలె. నీకా బాధ లేదు, కింద నుంచి ఇనుప కడ్డీ గుచ్చి నిలబెట్టిన్రు. పడేదే లేనోనికి నిలబడుడు ఏం తెలుస్తది?

మళ్ల జబ్బ కాడికే వస్త. నిన్ను పక్కన పెట్టి అద్దం ముందర నిలబడితే రెండు నిమిషాల్ల తేలే పని ఇది. గొంతు గుంట కాడ వేలు పెట్టి, కాలర్‌బోన్ వెంబడి జబ్బ కొస దాక జరిపి, ఆ చెయ్యి పైకెత్తితే వేలి కిందనే ఎముక లేస్తది. గీసేటప్పుడు ముందుగాల ఆ హ్యాండిల్ గీత, తర్వాత రొమ్ముగూడుకు గుడ్డు ఆకారం, తుంటికి డబ్బా ఆకారం, ఆఖరుకు చెయ్యి. ఒక్కో బొమ్మకు 30 సెకండ్లు, అట్ల ఇరవై. నీ ఎంబడి మూడు గంటలు కూసున్నా ఒక్క జబ్బ రాలే.

గోడ దిక్కు తిప్పి పెట్టిన నిన్ను. పొద్దుగూకినంక టేబుల్ లైటు పక్క నుంచి కొడితే నీ గుండ్రని తొడల మీద వెలుగు, నీడ మాత్రం మస్తు కనబడ్తయి. అప్పుడు మళ్ల ఇటు తిప్పుత. చెయ్యి మాత్రం ఎత్తకు.

ఇట్లు,
రబ్బరు అరిగిపోయిన ఒక పెన్సిల్ మనిషి