ఆటిజం రహిత జిల్లాకు స్వాగతం

ప్లాస్టిక్ రహిత పట్టణం అయిపోయింది. బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం అని బోర్డు పాతాం, ఆ బోర్డు చాటుకే చెంబు పట్టుకెళ్తున్నాం. ఇక మిగిలింది ఆటిజం, అంటే మెదడు ఎదుగుదలలోనే ఉండే ఒక తేడా. మొన్న ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు, మా ఊళ్లో జరిగిన అవగాహన ర్యాలీలో ముఖ్య అతిథి గారు ఆ లోటూ తీర్చేశారు. "మన జిల్లాను ఆటిజం రహిత జిల్లాగా తీర్చిదిద్దుదాం" అని మైకులో ప్రతిజ్ఞ చేయించారు. అందరూ కుడిచెయ్యి ముందుకు చాచి అప్పజెప్పారు. ఎవరు లేని జిల్లా కావాలని ప్రతిజ్ఞ చేస్తున్నారో ఆ పిల్లలు మాత్రం నీలం టీషర్టులు వేసుకుని ముందు వరసలోనే నిలబడి ఉన్నారు.

బాధ్యత గల పౌరుడిగా నేను ఈ పథకాన్ని స్వాగతిస్తున్నాను. అమలు ఎలా ఉంటుందో కూడా ఊహించగలను. వార్డులవారీగా టార్గెట్లు ఇస్తారు. సోమవారం వీడియో కాన్ఫరెన్స్‌లో "మీ మండలంలో ఇంకా ఎంతమంది మిగిలారు?" అని గద్దిస్తారు. తహసీల్దార్ గారు గొంతు సవరించుకుని, "నలుగురుండేవాళ్లు సార్, పక్క మండలానికి సర్దేశాం" అంటారు. ఆగస్టు 15న ఉత్తమ మండలం అవార్డు.

అసలు ర్యాలీ సంగతి చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి పెద్ద శబ్దాలు, మిరుమిట్లు గొలిపే లైట్లు, కిక్కిరిసిన జనం పడవు. ఈ ముక్క కరపత్రంలో ఒకటో పాయింటుగా అచ్చేశారు. ఆ కరపత్రాన్ని డీజే బాక్సుల మీద పెట్టి పంచారు. ఏడు గంటలకన్న అతిథి తొమ్మిదిన్నరకు వచ్చారు. అప్పటిదాకా ఎండలో డప్పులు, విజిళ్లు, నీలం బెలూన్లు. ఎండకు ఆ బెలూన్లు ఒక్కొక్కటే ఠాప్, ఠాప్ మని పేలుతుంటే, పేలినప్పుడల్లా ఓ పిల్లాడు చెవులు మూసుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు. ఓ పాప షామియానా గుంజను కావిలించుకుని వదలదు. "చూశారా, నలుగురిలో కలవరండీ వీళ్లు" అని ఒక వాలంటీరమ్మ నాకు అవగాహన కల్పించింది.

పదేళ్ల కుర్రాడొకడు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా నడుచుకుంటూ వెళ్లి జనరేటర్ స్విచ్ ఆపేశాడు. డీజే ఆగింది, మైకు ఆగింది, అతిథి గారి నోరు ఒక్కటే కదులుతోంది. ఆ పొద్దున మొత్తం మీద ఆటిజం కోసం ఎవరైనా పనికొచ్చే పని చేశారంటే ఆ కుర్రాడే. వాళ్ల నాన్న చేత "సారీ అండీ, సారీ అండీ" అని పదిమందికి చెప్పించారు.

ఆ నీలం రంగు ఒక అమెరికా సంస్థ పెట్టిన ఆచారం. అదే సంస్థ 2016లో తన లక్ష్యాల్లోంచి "క్యూర్", అంటే నయం చేయడం అన్న మాట తీసేసింది. రంగు దిగుమతి అయింది గానీ ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది. ర్యాలీ స్పాన్సర్ స్టాల్‌లో చూడండి: "ఆధునిక సెల్ థెరపీ, ఆటిజానికి శాశ్వత పరిష్కారం". పిల్లాడి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని కణాలు వేరుచేసి, వెన్నులోకి ఎక్కించే వ్యవహారం ఇది. పరిశోధన కోసం చేసే ట్రయల్స్‌కు బయట ఇలాంటివి చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. ఆటిజానికి దీన్ని సిఫారసు చేయడం లేదని, చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లో తేల్చింది. ఆమోదం పొందిన ట్రయల్‌లో తప్ప చికిత్సగా ఇవ్వడానికి వీల్లేదని 2026 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. స్టాల్‌లోని కుర్రాడు ఇవన్నీ ఓపిగ్గా విని, "ఈఎంఐ కూడా ఉంది సార్" అన్నాడు.

విదేశాల వాళ్లు మనకంటే తెలివైనవాళ్లని నేను అనను. అక్కడ ఆటిజం పోతుందని పిల్లల చేత బ్లీచింగ్ ద్రావణం తాగించారు, వద్దురా బాబూ అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడే, పుట్టే బిడ్డకు ఆటిజం ముప్పు అంటూ, గర్భిణులు టైలెనాల్ వేసుకోవద్దన్నాడు. మన డోలోలో ఉండే పారాసిటమాలే అది. ఆ రాత్రి డల్లాస్‌లో ఎంతమంది కోడళ్లకు ఫోన్లు వెళ్లాయో! "ఏమ్మా, కడుపుతో ఉన్నప్పుడు జ్వరమొస్తే మాత్ర వేసుకున్నావా?" స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల రికార్డులు తీసి, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూస్తే అలాంటి సంబంధమేదీ కనిపించలేదని 2024లోనే తేలింది. అత్తగారికి స్వీడన్‌తో పనేముంది, దొరికింది కోడలు కదా.

తల్లిదండ్రులను నేను ఎగతాళి చెయ్యను. రాత్రంతా నిద్రపోని బిడ్డ, తలను గోడకేసి కొట్టుకునే బిడ్డ ఇంట్లో ఉంటే ఎవరు శాశ్వత పరిష్కారం అన్నా వెనక వెళ్తారు. ఫిట్స్‌కి మందుంది, నిద్రకి వైద్యం ఉంది, మాట రాని పిల్లలు బొమ్మల కార్డులతోనో ట్యాబ్‌తోనో తమకేం కావాలో చెప్పగలరు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఓ జాతీయ సంస్థే ఉంది. ఇవి కావాలని ఎవరూ కాదనరు. కానీ తాళి తాకట్టు పెట్టించి వెన్నులో సూది గుచ్చేవాడిని పక్కన నిలబెట్టుకుని, ఆ తల్లికే అవగాహన కల్పిస్తారా? సిగ్గులేదూ? ఆమెకు లేనిదల్లా అవగాహనేనా? వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం స్లాటు దొరక్క, దొరికాక ఏరియా ఆస్పత్రి వరండాలో బిడ్డ కేకలు పెడుతుంటే నలుగురి చూపులూ భరిస్తూ కూర్చుని, చివరికి "తాత్కాలికం, మళ్లీ రండి" అనిపించుకుని వచ్చిన మనిషి ఆమె. "మా తర్వాత వీడికెవరు?" అన్నదొక్కటే ఆమె ప్రశ్న. దానికి ఆ మైదానంలో ఒక్క స్టాల్ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక శాతం ఇచ్చారు, అది కూడా ఇంకో నాలుగు రకాల వాళ్లతో పంచుకోవాలి. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ప్రతి బడీ వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షన్ చెబుతోంది. మరి ర్యాలీకి బస్సులిచ్చిన ప్రైవేటు స్కూలు వాళ్లు, డీజే ఆపిన ఆ కుర్రాణ్ణి జూన్‌లో ఏమన్నారు? "మంచి పిల్లాడేనండీ, కానీ మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు. క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్‌ని మీరే పెట్టుకుంటే చూద్దాం. ముందు పూర్తిగా నయం చేయించుకుని రండి."

నయం చేయించుకుని రావాలట, స్కూలు ఫీజు కట్టడానికి!

వాళ్ల నాన్న సారీలు చెప్పడం ఇక మానేసి, ఓ పని చేస్తే బాగుండు. సీటివ్వం అన్న ముక్క లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మని అడగాలి. అడిగి చూడండి, ప్రిన్సిపాల్ గారు అప్పటికప్పుడు మీటింగ్‌లోకి వెళ్లిపోతారు.