బీరువా మీది ట్రాలీ బ్యాగు గారికి

మహారాజశ్రీ ట్రాలీ బ్యాగు గారి నాలుగు చక్రములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ, అనగా బీరువా మీద, పాత దుప్పటి కింద, తమరూ క్షేమమని తలుస్తాను. ఇక ఈ గారూ తమరూ మానేస్తా. జిప్పు పడటం కోసం పదహారేళ్ళుగా నీ మీదెక్కి కూర్చుంటున్నవాణ్ణి, ఆ మాత్రం చనువు ఉంటుంది.

సంగతేమిటంటే, ఈ కార్తీకంలో మేం అల్జీరియా వెళ్తున్నాం. సహారా ఎడారికి. నువ్వు రావడం లేదు.

చక్రం ఊడగొట్టుకోకు, పూర్తిగా విను. ఊరి పేరు జానెత్. హైదరాబాదు నుంచి దోహాలో దిగి, మళ్ళీ ఎక్కి, అల్జీర్స్ చేరి, అక్కణ్ణుంచి ఇంకో విమానంలో దేశం ఉత్తరపు కొస నుంచి ఆగ్నేయపు మూలకి ఎగిరితే, లిబియా సరిహద్దుకు కాస్త ఇవతల, తెల్లవారుజామున రెండింటికి దింపుతారు. అక్కడ మన ఇష్టానికి తిరగడం కుదరదు. లైసెన్సున్న స్థానిక ఏజెన్సీ, గైడు ఉండాల్సిందే. వాళ్ళు అనుమతి కాగితం తీసి పంపిస్తే, దిగాక విమానాశ్రయంలోనే వీసా కొట్టే ఏర్పాటు 2023లో మొదలైంది. ఆ కాగితంతో పాటు ఏజెన్సీ అతను సామాను గురించి మూడే మూడు ముక్కలు రాశాడు: మెత్తటి సంచి. 12 కిలోలు. చక్రాలు వద్దు.

మన ఇంట్లో 12 కిలోలంటే పచ్చళ్ళ లెక్క. బట్టలు దాని మీద.

ఎందుకు వద్దట అని అడిగాను. మేం చూడబోయే వేల ఏళ్ళ నాటి రాతి బొమ్మలు జానెత్ దగ్గరి తస్సిలి నజ్జెర్ పీఠభూమి మీద ఉన్నాయి. కారు పోదు, ఒంటె కూడా ఎక్కలేని నిటారు దారులున్నాయి. సగం రోజు రాళ్ళ మీద నడిచి ఎక్కాలి. సామాను గాడిదల మీద. దానికి ఇటో సంచి, అటో సంచి వేలాడేస్తారు. గట్టి పెట్టె కడితే దాని పక్కటెముకలు ఒరుసుకుపోతాయి. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడని చిన్నప్పుడు విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు ఒక గాడిద పక్కటెముకల సుఖం కోసం నిన్ను ఇంట్లో వదిలేస్తున్నాను. నా జీవితంలో పరోపకారానికి చేసిన మొదటి ప్రయాణ ఏర్పాటు ఇదే.

నీ సేవలు మరిచిపోయేవి కావు. డాలస్‌కి ఆరుసార్లు వెళ్ళొచ్చావు. ప్రతిసారీ కొక్కెం తూకానికి తగిలించి, 23.4 ఉంటే ఒక గోంగూర సీసా తీసి, 22.6 అయితే మూడొందల గ్రాముల కంది పొడి కూరి, చివరకి 22.9 దగ్గర ముల్లు నిలబడితే ఇల్లంతా ఒలింపిక్ పతకం వచ్చినట్టు చప్పట్లు. ఒకసారి ఆవకాయ కారి మా బావగారి తెల్ల చొక్కా మీద భారతదేశ పటంలాంటి మరక వేశావు, శ్రీలంకతో సహా. నిన్ను తాళ్ళతో కట్టాం, ప్లాస్టిక్ చుట్టాం, స్కెచ్ పెన్నుతో పేరు రాశాం, హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బను కట్టాం. తీరా బెల్టు దగ్గర చూస్తే తెలుగువాళ్ళ బ్యాగులన్నిటికీ ఎర్ర రిబ్బన్లే.

అయితే ఒక మాట అనక తప్పదు. ఇన్నేళ్ళూ మేం ఎక్కడికి వెళ్ళాలో నువ్వే నిర్ణయించావు. లిఫ్టు లేని హోటల్ వద్దు. మెట్లున్న స్టేషన్ వద్దు. గులకరాళ్ళ వీధిలో ఇల్లు చౌకగా వస్తుందంటే వద్దు, "బ్యాగు దొర్లదండీ" అంది మా ఆవిడ. సింగపూర్ నుంచి వచ్చాక ఏం చూశారని ఎవరో అడిగితే, "ర్యాంపులు" అని నిజం చెప్పేశాను.

ఎడారి అనగానే నువ్వు ఇసుక అనుకుంటావని తెలుసు. నేనూ అనుకున్నా. సహారాలో ఇసుక దిబ్బలు పావు వంతు ఉంటాయేమో, అంతే. మిగతాదంతా బండ నేల, కంకర మైదానాలు, కొండలు. ఇసుకలో నీ చక్రం కూరుకుపోతుంది, రాళ్ళలో విరిగిపోతుంది. ల్యాండ్ క్రూయిజర్లకీ చక్రాలే కదా అంటావేమో. ఇసుక రాగానే వాటి టైర్లలో గాలి తీసి నడుపుతారు. నీలో గాలి తీసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇంకో సంగతి చెబితే నీ గర్వం కాస్త దిగుతుంది, లేదా ఇంకా పెరుగుతుంది. నీ వంశం వాళ్ళు సహారాకి ఎప్పుడో వెళ్ళారు. తస్సిలి రాళ్ళ మీద రథాల బొమ్మలున్నాయి. గుర్రాలు నాలుగు కాళ్ళూ చాచి గాల్లో తేలుతున్నట్టు, వెనక రెండు చక్రాల బండి, మీద మనిషి. సుమారు మూడు వేల ఏళ్ళ నాటివి. గరమంతులనే జనం నాలుగు గుర్రాల రథాలెక్కి మనుషుల్ని వేటాడేవారని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. తర్వాత ఒంటె వచ్చింది. దానికి దారి అక్కర్లేదు, ఇరుసుకి కందెన అక్కర్లేదు, రోజూ నీళ్ళు కూడా అక్కర్లేదు. చక్రం మారుమాట్లాడకుండా తప్పుకుంది. అప్పట్లో ఏ గరమంతుల గృహస్థో తన రథాన్ని అటక మీదకి ఎక్కించి ఇలాంటి ఉత్తరమే రాసి ఉంటాడు.

నువ్వు లేవన్న ధైర్యంతో నేను ప్రణాళిక వేయడం మొదలుపెట్టాను. నీకు తెలియని కష్టాలు ఇందులో చాలా ఉన్నాయి. మొదటిది ముహూర్తం. వేసవిలో అక్కడికి ఎవరూ పోరు, అక్టోబరు చివర్నుంచే రాకపోకలు. ఎడారిలో చుక్కలు బాగా కనబడాలంటే వెన్నెల ఉండకూడదు. కాబట్టి అమావాస్య చూసుకుని బయల్దేరుదామన్నాను. అమ్మ పంచాంగం మూసేసింది. "అమావాస్యకి బయల్దేరి శ్మశానంలాంటి చోటికి పోతావురా? కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం చేయాల్సినవాడివి, చెట్టే లేని చోట ఏం భోంచేస్తావు?" అంది. ఖగోళశాస్త్రం ఒకవైపు, అమ్మ ఒకవైపు. చివరికి కార్తీక బహుళ దశమికి రాజీ కుదిరింది. బయల్దేరేది దశమి, పీఠభూమి ఎక్కేసరికి అమావాస్య. అమ్మకి తిథి దక్కింది, నాకు చీకటి దక్కింది.

చెట్టు లేదన్న మాట మాత్రం తప్పు. అమ్మకి ఫోటో చూపించాను. తారూత్ అని, ఒక సైప్రస్ జాతి చెట్టు తస్సిలిలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మిగిలినవి రెండొందల పైచిలుకు. కొన్నిటి వయసు రెండు వేల ఏళ్ళు దాటిందట. అంటే శాతవాహనుల నాటి చెట్టు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "సరే, దాని కిందే తిను. కొమ్మ మాత్రం విరవకు" అంది. అనుమతి కాగితాల్లో నాకు అన్నిటికంటే కష్టంగా వచ్చింది ఇదే.

రెండోది చలి. ఎడారికి స్వెటర్లు సర్దుతుంటే చూసినవాళ్ళంతా నవ్వారు. నవంబరు చివర్లో జానెత్‌లో పగలు 20–25 డిగ్రీలు ఉంటుంది, హాయిగా. గాలిలో తేమ ఉండదు, మబ్బు ఉండదు, సూర్యుడు పోగానే వేడి కూడా వెంటనే పోతుంది. రాత్రి పది డిగ్రీలకి దిగువ. పీఠభూమి మీద గుడారంలో అయితే ఇంకా కిందికి. మా తోడల్లుడు నాకు ఎండదెబ్బకి వాడమని ఉల్లిపాయ ఇచ్చాడు. చలికి వాడే ఉల్లిపాయ ఉందా అని అడిగితే మాట్లాడటం మానేశాడు.

మూడోది డబ్బు. వాళ్ళ దీనార్లు ఇక్కడ దొరకవు. జానెత్‌లో కార్డును నమ్ముకుంటే పస్తే. నోట్ల రూపంలో యూరోలు తీసుకెళ్ళాలి. కొత్తిమీర కట్టకి కూడా ఫోను తీసి గీకే నాకు, నడుముకి డబ్బు కట్టుకుని తిరిగిన మా తాత ఇప్పుడు ఆదర్శం. మావాడి డ్రోను కూడా ఆగిపోయింది. ఆ దేశంలో డ్రోను నిషేధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

ఇక నీ అసలు శాఖ, వంటల శాఖ. నువ్వు ఉన్నావనుకుని అమ్మ అలవాటుగా రైస్ కుక్కర్ కిందికి దించింది. ప్లగ్గు ఎక్కడ పెడతావమ్మా, గాడిదకా? అన్నాను. అక్కడి ఎడారి జనం తువారెగ్‌లు వాళ్ళ గోధుమ రొట్టెని, తగెల్లా అంటారు, నిప్పుల కింద వేడి ఇసుకలో పూడ్చి కాలుస్తారు. తీసి, దులిపి, తుంపి, కూర పులుసులో కలుపుకుంటారు. దులిపాక కూడా ఇసుక ఉంటుందా అని మా ఆవిడ అడిగింది. బియ్యంలో రాళ్ళు ఏరుకుని తిన్న తరం వాళ్ళం కదా అన్నాను. భోజనం తర్వాత బొగ్గుల మీద కాచిన పచ్చ తేయాకు టీ, మూడు గ్లాసులు వరసగా ఇస్తారు. మొదటిది చేదు, పోనుపోను తీపి. మధ్యలో లేవడం మర్యాద కాదు. మన ఇంట్లో టీ తాగుతూ లిఫ్టు కోసం బటన్ నొక్కే నేను దీన్ని ఎలా దాటతానో చూడాలి.

ఇంతకీ ఆ బొమ్మలేమిటని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. నీకెప్పుడూ బయట ఏముందో పట్టదు, లోపల ఎంత పడుతుందనే ధ్యాసే. తస్సిలి రక్షిత ప్రాంతం 72,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో మూడింట రెండు వంతులంత. యునెస్కో 1982లో వారసత్వ జాబితాలో చేర్చింది. 15,000కి పైగా బొమ్మలు, చెక్కడాలు. ఏనుగులు, జిరాఫీలు, నీటి గుర్రాలు, మందలు మందలుగా ఆవులు. సహారా ఒకప్పుడు పచ్చగడ్డి నేల, చెరువులుండేవి. సుమారు ఐదు వేల ఏళ్ళ కిందట వానలు ముఖం చాటేశాయి. జానెత్ దగ్గర ఒక బండ మీద ఏడుస్తున్న ఆవులున్నాయి, కంటి కింద నీటి బొట్టుతో సహా చెక్కారు. నీళ్ళు ఎండిపోతుంటే ఏడ్చాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

1956లో ఆఁరీ లోట్ అనే ఫ్రెంచి పెద్దమనిషి బృందంతో వెళ్ళి నెలల తరబడి ఉండి నకళ్ళు రాయించాడు. రంగులు తేటగా కనబడాలని బొమ్మల మీద నీళ్ళు కొట్టి తుడిచారు. వేల ఏళ్ళ ఎండకి చెక్కుచెదరనివి ఆ తడిగుడ్డకి వెలిసిపోయాయి. ఇది చదివాక, నీలో అమ్మ సర్దే "అన్నిటికీ పనికొచ్చే తడి గుడ్డ"ను కూడా జాబితాలోంచి కొట్టేశాను.

నువ్వు ఎత్తిపొడవకముందే నేనే చెబుతాను. భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టలో కూడా రాతి బొమ్మలున్నాయి. పొద్దున వెళ్తే రాత్రికి రావచ్చు. వెళ్ళలేదు. అక్కడికి వెళ్ళడానికి వీసా అక్కర్లేదు కాబట్టి వెళ్ళాలనిపించలేదు.

కాబట్టి నువ్వు ఆ దుప్పటి కిందే విశ్రాంతి తీసుకో. నీ స్థానంలో నలభై లీటర్ల గుడ్డ సంచి ఒకటి కొన్నాను. దానికి ఆకారం లేదు, అభిప్రాయం లేదు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నీ వెనక నడిచిన
నీ సొంతదారు

తా.క.: ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, "మూడు విమానాలు మారేదాకా ఆ గుడ్డ సంచిని భుజాన మోస్తారా, మీ నడుము నొప్పితో? దాన్ని దీన్లో పడేయండి. కొండెక్కేటప్పుడు ఇది ఏజెన్సీ వాళ్ళ ఇంట్లో ఉంటుంది" అంది. పైగా అల్జీరియాలోనే బిస్క్రా అనే ఊరి వైపు దెగ్లెత్ నూర్ రకం ఖర్జూరం కోతకి వచ్చేది ఈ రోజుల్లోనేనట. వచ్చేటప్పుడు అల్జీర్స్‌లో కొనాలట. అవి గుడ్డ సంచిలో నలిగిపోతాయట.

దుప్పటి తీసి నిన్ను దించాను. వెలిసిపోయిన రిబ్బను మార్చాను. గుడ్డ సంచి నీలో మూల ఒదిగిపోయింది, ఇంకా బోలెడు చోటుంది. అటు తిరిగి ఇటు తిరిగేలోగా అమ్మ ఏదో మూట కట్టి అడుగున పెట్టింది. ఏమిటని నేను అడగలేదు. కొక్కెం తూకానికి తగిలించాం.

22.9.