వీక్స్‌విల్‌కు ఒక బస్సు వేద్దాం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే న్యూజెర్సీలో ఉండే మనం తిప్పే చోట్లు తెలిసినవే: లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఓపికుంటే నయాగరా. మన తెలుగు సంఘం బస్సు టూర్లూ అంతే. ఈ ఏడాది ఒక బస్సు న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని వీక్స్‌విల్ హెరిటేజ్ సెంటర్‌కు వెయ్యమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. స్వేచ్ఛగా బతికిన నల్లజాతివారు కట్టుకున్న ఒక పాత ఊరి మ్యూజియం అది.

కంటికి ఆనేది తక్కువే. కొన్ని పాత చెక్క ఇళ్లు, పక్కనే 2014లో తెరిచిన కొత్త భవనం. కథ మాత్రం మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే అది స్థలం కొనడం గురించి. 1821లో న్యూయార్క్ రాష్ట్రం తెల్లవాళ్లకు ఓటు షరతులు సడలించి, నల్లజాతి మగవాళ్లు మాత్రం 250 డాలర్ల ఆస్తి చూపించాలంది. అక్కడ బానిసత్వం రద్దయింది 1827లో. 1838లో జేమ్స్ వీక్స్ అనే నల్లజాతి రేవు కార్మికుడు ఈ చోట స్థలం కొన్నాడు. మనం ప్లాటు కొనేది రేటు పెరుగుతుందని. ఇక్కడ స్థలం చేతిలో ఉంటే ఓటుకు దారి. 1850ల నాటికి ఐదు వందల మందికి పైగా చేరారు. బడి, చర్చిలు పెట్టుకున్నారు, తర్వాత సొంత పత్రిక కూడా నడిపారు. 1863లో సైన్యంలో బలవంతపు చేరికకు వ్యతిరేకంగా మొదలై నల్లజాతివారిపై దాడులుగా మారిన మన్‌హటన్ అల్లర్లలో, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయినవారికి ఈ ఊరు ఆశ్రయం ఇచ్చింది.

తర్వాత నగరం దాన్ని మింగేసింది. 1968లో చరిత్రకారుడు జేమ్స్ హర్లీ, పైలట్ జోసెఫ్ హేన్స్ విమానంలోంచి వెతికి, మిగిలిన ఇళ్లను గుర్తించారు. విమానం సంగతి కన్నా నాకు పిల్లల సంగతే నచ్చుతుంది: దగ్గరి బడి పిల్లలు తవ్వకాల్లో చెయ్యి వేశారు, ఇళ్లను కాపాడమని నగర అధికారులను అడిగారు. 1970లో రక్షణ దక్కింది.

2019లో ఈ మ్యూజియానికి డబ్బుల్లేక మూతపడే పరిస్థితి వస్తే జనం విరాళాలిచ్చి నిలబెట్టారు. వాళ్లు అడిగింది రెండు లక్షల డాలర్లు. మన కన్వెన్షన్లో సినిమా నైట్ ఖర్చెంతో కమిటీవాళ్లకు తెలుసు, నేను రాయను.

"నల్లోళ్ల ఏరియా కదా, సేఫేనా?" అని ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. నల్లజాతివారి ఓటు హక్కును కాపాడే చట్టం, మనలాంటివాళ్లకు ఇక్కడి తలుపు తీసిన వలస చట్టం, రెండూ 1965లో ఒకే కాంగ్రెస్ చేసింది, రెండు నెలల తేడాతో. మొదటిదాని కోసం దెబ్బలు తిన్నది ఎవరో వాళ్లకు గుర్తు చేయండి.

తెలుగు బడిలో పదేళ్లు దాటిన పిల్లలతో మొదలుపెడదాం. బస్సు ఖర్చు సంఘానిదే కావాలి. మ్యూజియానికి విరాళం విడిగా, బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసి ఇవ్వాలి.