ప్రాక్సీ పాస్ చివరి స్లాష్ గారికి

మహారాజశ్రీ స్లాష్ (/) గారికి, మాదాపూర్ నుంచి ఒక డెవలపర్ నమస్కరించి రాయునది ఏమనగా... ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను. కానీ కుశలంగా ఉన్నది తమరొక్కరే.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మా మామయ్య కరీంనగర్ నుంచి బస్సులో సికింద్రాబాద్ జేబీఎస్‌లో దిగుతారు. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో ఆవకాయ జాడీ. "మీరు కదలకండి మామయ్యా, నేనొచ్చి తీసుకెళ్తా" అని మాటిచ్చాను. పదకొండింటికి కూర్చున్న పని చాలా చిన్నది. ఒకే డొమైన్ కింద రెండు అప్లికేషన్లు, వాటి ముందు వచ్చిన రిక్వెస్టులను లోపలికి దారి మళ్లించే ప్రోగ్రాం ఇంజిన్‌ఎక్స్. చిరునామాలో /ఏపీఐ అని వస్తే ఒక అప్లికేషన్ పోర్టుకు (అంటే దాని తలుపు నంబరుకు), /బిల్లింగ్ అని వస్తే ఇంకో పోర్టుకు. పావుగంట అనుకున్నాను.

ఏపీఐ 404, అంటే అలాంటి పేజీ లేదు, అంది. లాగ్ చూస్తే, లోపలికి "/ఏపీఐ/యూజర్స్" అని వెళ్తోంది. పాపం ఆ అప్లికేషన్‌కు తెలిసింది "/యూజర్స్" ఒక్కటే. ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్ లైను చివర తమరు లేరని అర్థమై, తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఈసారి "//యూజర్స్" అని వెళ్లింది. పైన, ఏ దారిలో వచ్చినవాటికో చెప్పే లొకేషన్ చివర తమరి తమ్ముడు కూడా ఉండాలట! అన్నదమ్ములిద్దరూ కుదురుకున్నాక పని జరిగింది.

అప్పుడే లేచి వెళ్లాల్సింది. ఏపీఐకి పెట్టి బిల్లింగ్‌కి పెట్టకపోతే బాగుండదని, పంక్తిలో వడ్డించినట్టు ఆ లైనుకీ తమర్ని వడ్డించాను. బిల్లింగ్ పాతకాలపు అప్లికేషన్. "/బిల్లింగ్" అనే ఇంటిపేరుతో పిలిస్తేనే పలుకుతుంది. తమరు ఇంటిపేరు కత్తిరించి ఒట్టి పేరు పంపారు. షాపులో కౌంటర్ల దగ్గర బిల్లు కొట్టడం ఆగిపోయింది, నా ఫోన్ మోగడం మొదలైంది.

నేను టెస్ట్ చేయలేదనుకుంటున్నారా? చేశాను. ఇంజిన్‌ఎక్స్ "సింటాక్స్ ఓకే, టెస్ట్ సక్సెస్‌ఫుల్" అంది. సెమీకోలన్ ఒకటి మర్చిపోతే గోల చేసే మనిషి అది. రెజెక్స్ (నమూనాతో పోల్చే) లొకేషన్‌లో తమర్ని పెడితే ససేమిరా అంటుంది. మామూలు చోట మాత్రం తమరున్నా ఓకే, లేకపోయినా ఓకే. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది లెండి. ప్రాక్సీ పాస్ చివర యూఆర్ఐ (దారి ముక్క) ఇస్తే, లొకేషన్‌తో కలిసిన ముక్క పోయి దాని స్థానంలో అది వస్తుంది. ఇవ్వకపోతే వచ్చింది వచ్చినట్టే వెళ్తుంది. తమరు ఒంటరిగా నిలబడినా యూఆర్ఐ కిందే లెక్కట. ఒక్క గీతకి ఎంత హోదా!

మూడో తరగతిలో దీర్ఘం మర్చిపోతే మా తెలుగు మాస్టారు చెవి మెలేసేవారు, "కాలం రాయమంటే కలం రాశావేంరా" అని. ఆయన కనీసం తప్పెక్కడో చూపించేవారు.

మీ ఇంట్లో, అదే ఇంజిన్‌ఎక్స్ సెట్టింగుల్లో, మిగతావాళ్లూ తక్కువవాళ్లేం కాదు. 1 ఎంబీ దాటిన ఫైలొస్తే 413 అని గుమ్మంలోనే ఆపేసేది ఒకరు. బ్యాకెండ్ (వెనకున్న అప్లికేషన్) 60 సెకన్లు నోరు తెరవకపోతే 504 అని తలుపేసేది ఇంకొకరు. వచ్చినవాళ్ల అసలు చిరునామా మోసుకెళ్లే హెడర్ పెట్టడం మరిచిపోతే బ్యాకెండ్ లాగ్‌లో ఊరందరి చిరునామా 127.0.0.1, అంటే మా సర్వర్‌దే. వాళ్ల సంగతి ఇంకో ఉత్తరంలో.

ఇక ఈ తమరూ గిమరూ నావల్ల కాదు. అసలు నువ్వెవడివిరా? అక్షరానివా, అంకెవా? ఉంటే ఒక చోట కొంప ముంచుతావు, లేకపోతే ఇంకో చోట ముంచుతావు. సరిగ్గా నిలబడటం కూడా రాదు, ఏటవాలుగా ఒరిగి నన్ను చూసి నవ్వుతున్నట్టుంటావు. 2004లో ఇగోర్ సిసోయెవ్ జనంలోకి వదిలిన ఆ ప్రోగ్రాంని తిడదామంటే నోరు రాదు. మా బక్క సర్వర్ మీద వేల కనెక్షన్లను కిక్కురుమనకుండా మోస్తోంది. అందుకే నీ మీద పడ్డాను.

నాలుగున్నరకి బిల్లింగ్ లైనులో నిన్ను చెరిపేసి, రీలోడ్ కొట్టి, ఫోన్ చూస్తే మామయ్యవి ఆరు మిస్డ్ కాల్స్. పరుగున ఇంటికెళ్తే ఆయన సోఫాలో టీ తాగుతున్నారు. జేబీఎస్‌లో మెట్రో గ్రీన్ లైను ఎక్కబోతే ఎవరో కుర్రాడు ఆపి, "రాయదుర్గమైతే పక్కనే పరేడ్ గ్రౌండ్‌లో బ్లూ లైను ఎక్కండి" అన్నాడట. జాడీ మూత కూడా కదలకుండా మూడున్నరకే చేరారు.

"ఇంతసేపు ఏమైంది అల్లుడూ?"

"అంతా గీత వల్ల మామయ్యా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "గీత ఎవరు?" అంది మా ఆవిడ.

రా, వచ్చి నువ్వే చెప్పు.